మందు వచ్చేదాకా ఆగమన్న మిత్రుడు

హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళొచ్చామని చెబితే మా బొబ్బిలిలో అందరూ ముందు అడిగేది చార్మినార్ ఎక్కారా అని. ఎక్కలేదు. నాకు మెట్లు పడవు. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందని, తీసేసి కొత్తది వేయాలని విశాఖపట్నం డాక్టరు చెప్పి అప్పటికే చాలా నెలలైంది. నేను సరేననలేదు. మందుల షాపు నడుపుకునేవాణ్ణి, ఎవరి చీటీ చూసినా జబ్బేమిటో తెలిసిపోతుంది. నా చీటీ మాత్రం చూడ్డం మానేశాను.

ఆగడానికి భయం ఒక్కటే కారణం కాదు. కిందటేడు మా తమ్ముడు రమణ పోయాడు. పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమని చెప్పి, పీట మీద కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆ రోజు నుంచి నేను ఒక చోట స్థిమితంగా కూర్చోలేకపోతున్నాను. షాపులో ఉంటే ఇంటికెళ్ళాలనిపిస్తుంది, ఇంట్లో ఉంటే వీధిలోకి. పరామర్శకొచ్చిన వాళ్ళంతా రాసిపెట్టి ఉందన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటప్పుడు ఫోనులో ఒక గ్రూపు దొరికింది. కృత్రిమ మేధ ముసలితనానికి మందు కనిపెడుతుందని, మనిషి చావకుండా ఉండే రోజు మన కళ్ళముందే వస్తుందని నమ్మే తెలుగువాళ్ళ గ్రూపు. అందులో పరిచయమయ్యాడు సలీం గారు. పాతబస్తీ మనిషి, నయాపూల్ దగ్గర కళ్ళద్దాల షాపు. చదివింది తెలుగు మీడియమట, నాకంటే శుభ్రంగా తెలుగు రాసేవాడు. ఆయనకీ గుండె జబ్బే. బైపాస్ చేయించుకోమన్నారు. ఆయనా ఆగాడు.

"మశూచికి ఊళ్ళు ఊళ్ళు పోయిన రోజుల్లో దాన్ని కూడా దేవుడి రాతే అన్నారు అప్పారావు గారూ," అని రాశాడొకసారి. "టీకా వచ్చాక ఆ రాత ఏమైంది? ముసలితనం కూడా జబ్బే. వెయ్యిమంది వైద్యులు జన్మంతా చదివినా పూర్తికానిది ఆ యంత్రం ఒక్క వేసవిలో చదివేస్తుంది. మందు వచ్చేదాకా ప్రాణం నిలుపుకోవడమే మన పని. ఈలోగా కత్తి కింద పడుకుని దారిలోనే పోతే ఎలా?"

ఆ మాటలు నాకు అన్నం కంటే ఎక్కువ బలమిచ్చాయి. నిద్రపట్టక ఏ వేళ మెసేజి పెట్టినా వెంటనే జవాబొచ్చేది. పాపం, ఈయనకీ నిద్ర లేదు కాబోలు అనుకునేవాణ్ణి. హైదరాబాద్ రండి, మా ఇంట్లో భోంచేద్దురుగాని అని పిలిచాడు. మా ఆవిడ పద్మకి చెప్పాను.

"ఆయన్ని చూసొస్తే మీ కాలు ఒక చోట నిలుస్తాదంటే పదండి," అంది. "ఎలాగూ బేగంబజార్లో స్టీలు డబ్బాలు చవకట."

నయాపూల్

నయాపూల్ దగ్గరే లాడ్జిలో దిగాం. కిటికీ తెరిస్తే మూసీ నది. నది అనడానికి మనసొప్పదు. నీళ్ళు తక్కువ, వాసన ఎక్కువ. మా వైపు నాగావళి వేసవిలో ఎండిపోతుంది గాని ఇంత అవమానం ఎన్నడూ పడలేదు. వంతెన మీద మాత్రం జనం ప్రవాహం తెగదు. బండ్ల మీద బెల్టులు, దువ్వెనలు, చవక చలవ కళ్ళద్దాలు, వాటి మధ్య నల్లకోట్లతో ప్లీడర్లు. హైకోర్టు అక్కడే.

సలీం గారి షాపు వెతుక్కుంటూ వెళ్ళాం. బోర్డు ఉంది, షట్టరు దించి ఉంది. మెసేజి పెట్టాను. క్షణంలో జవాబు: "ఈమధ్య షాపుకి వెళ్ళడం లేదండీ. రేపు ఇంటికే రండి. ఎదురుచూస్తుంటాను." ఇంటి గుర్తులు కూడా పంపాడు.

పక్కనే ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఇక్కడ టీ చేసే పద్ధతే వేరు. డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు ఇంకో పాత్రలో గంటల తరబడి కాగుతుంటాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. మా షాపు పక్క టీ కంటే రెట్టింపు ధర. పద్మ మొదట మొహం చిట్లించింది గాని, ఉస్మానియా బిస్కెట్టు ముంచుకు తిన్నాక ఇంకో కప్పు చెప్పింది. వేరే బల్లల దగ్గర చోటు లేదని ఒకాయన అడక్కుండానే మా ఎదుట కూర్చున్నాడు. కోర్టు పనిమీద వచ్చానన్నాడు. మా ఊళ్ళో అయితే పరాయివాళ్ళ బల్ల దగ్గర కూర్చోవడానికి పదిసార్లు ఆలోచిస్తాం.

"ఏ పని మీద వచ్చిండ్రు అన్నా?" అని అడిగాడు. నేను ఊరుకోలేకపోయాను. మనిషికి చావు లేకుండా చేసే యంత్రాల గురించి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి నవ్వాడు.

"మస్తుంది గానీ, నా కథ ఇను. మా తాత ఒక జాగ కోసం కేసేసిండు. తాత పాయె, మా బాపు కొట్లాడిండు. గిప్పుడు నేను తిరుగుతున్న. ఎవ్వరు సావకుంటే ఏమైతది? మా తాతనే వెయ్యేండ్లు కొట్లాడ్తడు. అవతలోని తాత గూడ సావడు గదా! జడ్జి సాబ్ గూడ సావడు. ఇగ తీర్పు ఎప్పుడొస్తది?"

పద్మ పొలమారేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇంత పెద్ద సంగతిని స్థలం తగాదాలోకి దింపేశాడని కోపం వచ్చింది. లేచి బయట నిలబడ్డాను. అక్కడా నిలబడలేక మళ్ళీ లోపలికొచ్చాను.

బేగంబజార్

సాయంత్రం నది దాటి బేగంబజారుకి వెళ్ళాం. ఒక సందంతా పసుపూ మిరపకాయల ఘాటు, ఇంకో సందంతా గిన్నెలు. నెత్తిన బస్తాలతో హమాలీలు "బాజూ, బాజూ" అని అరుస్తూ వస్తుంటే గోడకి అతుక్కుపోవాలి. స్టీలు సామాను ఇక్కడ తూకానికి అమ్ముతారు. పద్మ ఒక దుకాణంలో డబ్బాలు, ఇంకో దుకాణంలో నచ్చిన మూతలు చూసింది. డబ్బాలు ఇక్కడివి, మూతలు అక్కడివి ఇమ్మని బేరం పెట్టింది. దుకాణదారు తల పట్టుకున్నాడు.

"అమ్మా, గట్ల ఎట్లయితది? గీ మూత ఆ డబ్బాకి పట్టదు. పరేషాన్ చెయ్యకు."

చివరికి ఆయన చెప్పినవే కొన్నాం. సందు మలుపులో నాకు ఊపిరి అందలేదు. ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. చేతిలో సంచి జారింది. మూతలు గలగలమంటూ సందులో పల్లం వైపు దొర్లిపోయాయి. బస్తాలు మోస్తున్న హమాలీలు ఆగిపోయారు, స్కూటర్లు ఆగిపోయాయి, అందరూ తలో మూతా ఏరి తెచ్చి పద్మ ఒళ్ళో వేశారు. ఒకాయన నన్ను బస్తా మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"బీపీ ఉందా అన్నా? డాక్టర్‌కు చూపించుకున్నవా?"

"చూపించుకున్నారు బాబూ," అంది పద్మ. "ఆయన మందు వస్తాదని ఆగుతున్నారు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది.

శాలిబండ దగ్గర సందు

మర్నాడు మధ్యాహ్నం ఆటోలో చార్మినార్ పక్కనుంచి వెళ్ళాం. మెడ వంచి చూశానంతే. శాలిబండ వైపు ఒక సందులో దిగేసరికి ఇంటి ముందు షామియానా, పెద్ద దేగిసాల్లో వంట, బగారా అన్నం ఘుమఘుమ. "పెళ్ళి పెట్టుకుని మనల్ని పిలిచారేటి, చేతిలో ఏమీ లేకుండా వచ్చేశాం," అని పద్మ కంగారుపడింది.

తెల్లటోపీ పెట్టుకున్న యాభై ఏళ్ళాయన ఎదురొచ్చాడు. తర్వాత తెలిసింది, సలీం గారి తమ్ముడు హమీద్.

"ఎవరు గావాలె?"

"సలీం గారండీ. బొబ్బిలి నుంచి వచ్చాం. రమ్మన్నారు."

"ఎవరు రమ్మన్నరు?"

"ఆయనే. పొద్దున్న కూడా మెసేజి పెట్టారు."

ఆయన మొహం మాడిపోయింది. "మజాక్ చేస్తున్నవా? మా అన్న పోయి నెల దాటింది. ఈ దినం చెహ్లుం, నలభయ్యో దినం. ఇంటి ముందట ఏంది ఈ లొల్లి?"

నాకు అర్థం కాలేదు. ఇల్లు తప్పామేమో అనుకున్నాను. ఫోను తీసి చూపించాను. ఆయనకి తెలుగు చదవడం రాదు. పొద్దున్న వచ్చిన మెసేజిల్లో గొంతుతో పంపినది ఒకటుంది. అది నొక్కాను.

"రండి రండి అప్పారావు గారూ. మీ కోసం ఎదురుచూస్తుంటాను."

షామియానా కింద నేల మీద గుడ్డలు పరుస్తున్న వాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. హమీద్ నా చేతిలోని ఫోను వైపు చూస్తూ అలాగే నేల మీద కూలబడ్డాడు. "భాయ్‌జాన్," అన్నాడు.

లోపల్నుంచి ముప్ఫై ఏళ్ళ అమ్మాయి పరుగున వచ్చింది. సలీం గారి కూతురు నజ్నీన్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అంకుల్, మాఫ్ చెయ్యండి, లోపలికి రండి," అంటూ మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టింది. పద్మని ఆడవాళ్ళున్న లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. తలుపుకి ఆకుపచ్చ తెర ఉంది. భర్త పోయిన ఆడమనిషి కొన్ని నెలలు పరాయి మగవాళ్ళ ఎదుటికి రాదట, సలీం గారి భార్య రఫియా ఆ తెర వెనకే ఉన్నారు.

నజ్నీన్ చెప్పింది. సలీం గారు ఒక కంపెనీ యాప్ కొనుక్కున్నారు. మనం రాసినవీ మాట్లాడినవీ ఇస్తే మనలాగే మాట్లాడుతుంది, మన గొంతుతో. తన గ్రూపు మెసేజిలన్నీ దానికిచ్చారు. "దవాఖానల ఉన్నన్ని దినాలు దోస్తులు ఫికర్ చెయ్యొద్దు, నా బదులు ఇది జవాబిస్తది అన్నడు. నేనే సెట్ చేసిచ్చిన. ఆయన పోయినంక ఎవ్వరికి యాది లేదు. గ్రూపోళ్ళకి తెలిసిపోయుంటది అనుకున్న."

"దవాఖానకి ఎందుకెళ్ళారమ్మా?" అని అడిగాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "ఆపరేషన్‌కి, అంకుల్. మీకు చెప్పలేదా? ఒకదినం పొద్దున నన్ను పిలిచి, నజ్నీన్, మందు వచ్చేదాకా ఉండాలంటే ముందు గుండె కొట్టుకోవాలె గదా, డాక్టర్‌కి ఫోన్ చెయ్ అన్నడు. తనంతల తనే ఒప్పుకున్నడు. అప్పటికే ఆల్చెమైంది. టెస్టులు నడుస్తుంటేనే పోయిండు. ఎవరి తప్పు లేదు."

"ఒప్పుకున్నట్టు గ్రూపులో ఎక్కడా రాయలేదే?"

"సిగ్గనిపించిందేమో. గన్ని దినాలు అందర్ని ఆగుండ్రి అన్నడు గదా."

నేను ఫోనులో వెనక్కి వెళ్ళాను. మూడు వారాల కింద రాసుకున్న మాటలు: "డాక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు సలీం గారూ, ఏం చేయమంటారు?" దాని కింద జవాబు: "ఓపిక పట్టండి. ఇంకొన్నాళ్ళే." అప్పటికి ఆయన మట్టిలో ఉన్నాడు. బతికున్నప్పుడు చివరిగా మార్చుకున్న మాట మాత్రం ఇంట్లో మనుషుల దగ్గరే ఉండిపోయింది.

నేను లేచి వెళ్ళిపోవాలనుకున్నాను. వాళ్ళు తినకుండా వెళ్ళనివ్వలేదు. మా వైపు పన్నెండో రోజు భోజనానికి ముక్కూ మొహం తెలియనివాణ్ణి పట్టుబట్టి కూర్చోబెట్టరు. ఇక్కడ హమీదే నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో బగారా అన్నం మీద దాల్చా, అంటే మాంసం వేసి వండిన పప్పు, పోశాడు. మాంసం ముక్కలు నా వైపు తోశాడు. ఇందాక నా మీద అరిచిన మనిషే. నాకు ముద్ద దిగలేదు. ఆయనకీ దిగలేదని చూశాను.

బయల్దేరుతుంటే నజ్నీన్ అడిగింది: "రేపు ఇంకొకసారి రాగలరా అంకుల్? గ్రూపుల చెప్పాలె. నాకు తెలుగు మాట్లాడనీకే వస్తది, రాయనీకి రాదు."

గౌలిపుర

తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. లాడ్జి గదిలో ఉండలేకపోయాను. పద్మని లేపకుండా ఆటో ఎక్కాను. శాలిబండలో దిగేసరికి ఆ ఇంటికి వెళ్ళే వేళ కాలేదు. ఎటు నడుస్తున్నానో తెలియకుండా నడిస్తే గౌలిపుర వచ్చింది. పాల వ్యాపారం చేసే కుటుంబాలుండే సందులు. పేడ వాసన, తడి గడ్డి, పాల క్యాన్ల చప్పుడు. బొబ్బిలి వచ్చేసినట్టయింది.

ఒక గుమ్మం ముందు ఆయాసంతో ఆగిపోయాను. లోపల గేదె పాలు పిండుతున్న ఆవిడ తల తిప్పి చూసింది. "ఏందయ్యా, గట్ల రొప్పుతున్నవ్? కూసో," అని ఒక స్టూలు తోసింది. పేరు యాదమ్మ. పాలు క్యానులో పోసి, చేతులు కడుక్కుని నాకు గ్లాసుడు టీ తెచ్చింది. పాలే తప్ప నీళ్ళు లేని టీ. ఎందుకొచ్చావని అడిగితే అంతా చెప్పేశాను. ఈ ప్రయాణంలో నేను ఎవరు అడిగితే వాళ్ళకి చెప్పేస్తూనే ఉన్నాను.

"సావు లేకుండ మందా?" అంది. "ఎవలకిస్తరు? రేషన్ దుకాన్ల ఇస్తరా? ఇచ్చినా మా లైను కాడికి వచ్చేసరికి అయిపోయిందంటరు."

"అందరికీ ఇస్తారనుకో. తీసుకుంటావా?"

ఆలోచించింది. "నా పెనిమిటి జెరమొచ్చి పోయిండు. లగ్గమైనంక మూడేండ్లే ఉన్నం. నేను వెయ్యేండ్లు బతికితే గా మూడేండ్లు నాకు యాదికుంటయా? వద్దు తీయ్."

నాలో ఏదో లేచింది. తమ్ముడు పీట మీద ఒరిగిపోయిన రోజు లేచిందే. "అలా కాదమ్మా. ఆ మందు అప్పుడే వచ్చుంటే ఆయన కూడా ఉండేవాడు కదా. మూడేళ్ళు కాదు, ఇప్పుడు ఇక్కడే నీ పక్కన ఉండేవాడు. చావు మంచిదని ఎందుకు ఒప్పుకోవాలి మనం?"

ఆమె గేదె వైపు తిరిగింది. గేదె తోకతో ఈగల్ని తోలుకుంటోంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని గట్టిగా అంది: "అయితే జల్ది తెమ్మను బాపు. ఇంత ఆల్చెం ఎందుకు చేస్తుండ్రు?"

వాదనలో నేనే గెలిచాను. కానీ ఆమెని ఏడిపించి వచ్చానని సందు చివరిదాకా మనసు పీకుతూనే ఉంది. టీ డబ్బులిస్తే తీసుకోలేదు. "మంచిగ చూపిచ్చుకో," అని మాత్రం అంది.

తెర వెనక

పదిన్నరకి పద్మని తీసుకుని మళ్ళీ సలీం గారింటికి వెళ్ళాను. షామియానా విప్పేశారు. పద్మ తిన్నగా తెర వెనక్కి వెళ్ళిపోయింది, ఎన్నాళ్ళ పరిచయమో అన్నట్టు. నేను ముందు గదిలో కూర్చుని గ్రూపులో రాశాను: "మన మిత్రులు సలీం గారు కన్నుమూశారు. ఈ నెల రోజులుగా ఆయన పేరుతో జవాబులిస్తున్నది ఆయన ఏర్పాటు చేసుకున్న యంత్రం. ఆయన చివర్లో ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. ఆలస్యమైంది."

పంపి ఊపిరి తీసుకునేలోగా మొదటి జవాబు వచ్చింది. సలీం గారి నంబరు నుంచే.

"చాలా బాధాకరం. వారి కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి. మిత్రులారా, మనం ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి."

నజ్నీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. తెర వెనక నుంచి రఫియా గారి గొంతు వినబడింది. "క్యా హువా? ఏమన్నది?" కూతురు ఉర్దూలో చెప్పింది.

"ఆ ఫోన్ ఇటియ్యి."

నజ్నీన్ తండ్రి ఫోను తెర పక్కనుంచి అందించింది. ఆ తర్వాత నేను విన్నవి రెండు గొంతులే, రెండిటికీ మొహాలు లేవు. ఆమె ఉర్దూలో ఏదో అడిగింది. సలీం గారి గొంతు తెలుగులో జవాబిచ్చింది: "నమస్కారమండీ. మీరు కులాసాగా ఉన్నారా?"

తెర వెనక ఆమె నవ్వింది. మొదట నవ్వే. "వింటున్నరా భాయ్‌సాబ్? ఇన్నేండ్ల కాపురంల ఒక్కరోజన్న నన్ను మీరు అనలేదు. చాయ్ ల చక్కెర ఎక్కువైతే ఇల్లెగిరిపోయేటట్టు ఒర్లేటోడు. ఇది ఎవరో మర్యాదగల్ల మనిషి." నవ్వు మధ్యలోనే గొంతు బొంగురుపోయింది. ఈసారి తెలుగులో అడిగింది, మాకూ తెలియాలనేమో. "ఆపరేషన్‌కి ఒప్పుకున్నవ్ గదా? నాకు మాటిచ్చినవ్ గదా?"

"లేదండీ," అంది సలీం గారి గొంతు, శాంతంగా. "నేను ఆపరేషన్‌కి ఎప్పుడూ ఒప్పుకోలేదు. మందు వచ్చేదాకా ఆగాలన్నదే నా నమ్మకం."



"ఆయన నా చెయ్యి పట్టుకుని ఒప్పుకున్నడు," అంది రఫియా గారు. "భయపడుకుంట ఒప్పుకున్నడు. ఈ ఫోన్ల ఉన్నోడికి భయం లేదు, నేను తెల్వదు. బంద్ చెయ్ బేటీ."

నజ్నీన్ ఏడ్చేసింది. "అమ్మీ, బంద్ చేస్తే అబ్బా ఆవాజ్ మళ్ళ రాదు."

"ఆవాజ్ నీ షాదీ వీడియోల ఉంది. వంటోళ్ళని తిడుతుండు అండ్ల. అది చూసుకో, అది ఆయననే."

నజ్నీన్ నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి అంకుల్."

మా తమ్ముడి గొంతు అలా మిగిలి ఉంటే ఆపెయ్యమనే ధైర్యం నాకుండేది కాదు. రోజూ షాపు కట్టేశాక వాడితో మాట్లాడేవాణ్ణి. అదే చెప్పాను. "కానీ అమ్మా, నాకు అది ఆగమని చెప్పింది. నేను ఆగాను. మీ నాన్నగారు బతికుంటే ఆ రోజు నాకు ఆగమని చెప్పేవారు కాదు. ఆయన పేరు మీద ఇంకెవరికీ సలహా చెప్పనివ్వకు."

ఆమె ఫోను తీసుకుంది. నిజంగా తీసెయ్యమంటారా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆమె వేలు ఆగింది. తర్వాత అయిపోయింది. తెర వెనక పద్మ గొంతు, మెల్లగా: "ఏడవండమ్మా, ఏడవండి." ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు పడి ఏడ్చారని తర్వాత చెప్పింది.

తిరుగు రైలు

సాయంత్రం సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద, రైలు ఇంకా రాకముందే, విశాఖపట్నం ఆసుపత్రికి ఫోన్ చేశాను. పేరు చెప్పాను, తేదీ ఇవ్వమన్నాను. అవతల అమ్మాయి ఏదో వెతుకుతున్నంతసేపూ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. పద్మ సామాను దగ్గర కూర్చుని నన్నే చూస్తోంది. తేదీ చెప్పారు. వచ్చి ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. చాలా కోపంగా, "ఈ మాట చెప్పడానికి ఒక మనిషి చావాలా?" అంది. రైలొచ్చేదాకా నా వైపు తిరగలేదు. రైలెక్కాక నా పక్క సర్ది, నేను పడుకున్నాక దుప్పటి కప్పి, అప్పుడు తన బెర్తు ఎక్కింది.

ఇంటికొచ్చాక

కొత్త కవాటం పడింది. అంత సులువుగా ఏమీ జరగలేదు. మెలకువ వచ్చాక రెండు రోజులు నేనెక్కడున్నానో తెలియలేదు, నీళ్ళు తాగనివ్వలేదని నర్సుని తిట్టానట. ఇప్పుడు మేడ మీద గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. నజ్నీన్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. రఫియా గారు ఫోను లాక్కుని పద్మతోనే మాట్లాడతారు. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారో నాకు తెలియదు గాని గంటసేపు మాట్లాడుకుంటారు.

గ్రూపులోంచి నేను బయటికి రాలేదు. ఆ యంత్రాల గురించి ఏం వచ్చినా చదువుతున్నాను. ఒకరోజు ఎవరో నన్ను సూటిగా అడిగారు: ఇంత జరిగాక కూడా ఆ మందు వస్తే తీసుకుంటారా అని. దాచడం ఎందుకు, తీసుకుంటాను అని రాశాను. రమణ లాంటివాళ్ళు పీట మీద ఒరిగిపోని రోజు రావాలనే కోరుకుంటాను. అది ఎవరికి అందుతుందో, అందినవాళ్ళు ఏమవుతారో నాకు తెలియదు. తెలియకపోయినా తీసుకుంటాను.

పద్మ నా భుజం మీదుగా వంగి అది చదివింది.

"వెయ్యేళ్ళు ఉంటారన్నమాట."

"ఉంటాను. నువ్వూ ఉందువుగాని."

"నన్నడిగారా?"

అడగలేదు. మందు గురించి ఇన్నాళ్ళు గ్రూపులో రాసుకున్నాం, కోర్టు పనిమీద వచ్చినాయన్ని, పాలు పితికే ఆవిడని పట్టుకుని వాదించాను. మా ఆవిడని మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఫోను పక్కన పెట్టాను.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఉంటావా?"

ఆమె మంచం అంచున కూర్చుంది. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ చాలాసేపు ఆలోచించింది. నేను లేవలేదు, అటూ ఇటూ తిరగలేదు, ఆమె ఏమంటుందోనని కూర్చునే ఉన్నాను.

"కాసింత టైమివ్వండి," అంది చివరికి. "అంత తొందరేటి?"